అభ్యంతరం రాసిన చెయ్యి

బ్యాంకాక్,
1993 సెప్టెంబరు 21

ప్రియమైన సొలెదాద్ పిన్నికి,

నిన్న తీరదేశాల సభలో మన రాయబారిగారికి, అదే మీవారికి, నివాళి జరిగింది. మీరు ఆయన అంత్యక్రియలకి మన దేశం వెళ్ళి ఇలోయిలోలోనే ఉండిపోయి చూడలేకపోయారు కదా, అందుకే ముందు ఆ సంగతి రాస్తున్నాను. నలభై ఒక్క దేశాల వాళ్ళూ లేచి నిలబడ్డారు. ఎప్పుడూ కునికిపాట్లు పడే వెనక వరుసల వాళ్ళు కూడా లేచారు. అధ్యక్షుడు చదివిన నివాళి నేను రాసిందే. పదకొండేళ్ళు ఆయన ఉపన్యాసాలన్నీ రాసినదాన్ని, ఈ ఒక్కటీ ఇంకొకరి చేతికి ఎలా వదులుతాను? మౌనం పాటించిన ఆ నిమిషంలో హాలంతటికీ వినపడేలా వెక్కివెక్కి ఏడ్చాను. పక్క వరుసలోంచి ఇండోనేషియా రాయబారి హర్సోనో తన రుమాలు అందించాడు.

తర్వాతి అంశం కమిటీ అధ్యక్షుల నియామకం. చట్టాల కమిటీకి నా పేరు చదువుతారని కళ్ళు తుడుచుకుని, కోటు సర్దుకుని కూర్చున్నాను. "శ్రీ హర్సోనో" అన్నారు. చెక్క సుత్తి బల్ల మీద పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన రుమాలు ఇంకా నా గుప్పిట్లోనే ఉంది పిన్నీ.

మా జట్టులో తొమ్మిది దేశాలు. ఆ కుర్చీకి ఈసారి ఫిలిప్పీన్స్ వంతు. మళ్ళీ మన వంతు వచ్చేసరికి నేను రిటైరై ఇంట్లో కోళ్ళకి గింజలు వేసుకుంటూ ఉంటాను. రాయబారిగారే నా పేరు ఇచ్చారు. ఇచ్చిన పేరును తొమ్మిది దేశాలకీ పంపుతారు. ఈ నెల రెండో తేదీ, గురువారం సాయంత్రం ఐదింటిలోగా ఎవరూ అభ్యంతరం రాయకపోతే ఒప్పుకున్నట్టే. ఈసారి ఎవరో రాశారని సభ అయ్యాకే నాకు తెలిసింది. ఎవరు రాశారన్నది రాయబారులు తలుపులు వేసుకుని చదువుకుంటారు, బయటికి పొక్కనివ్వరు. అప్పటికి మన రాయబారిగారు ఆసుపత్రిలో ఉన్నారు కాబట్టి అక్కడ మన కుర్చీ ఖాళీ. నా తరఫున నోరు విప్పేవాళ్ళే లేకపోయారు.

కుర్చీ ఎవరికి దక్కిందో వాడే రాసి ఉంటాడని చంటిపిల్లను అడిగినా చెబుతుంది. వరండాలో హర్సోనోని పట్టుకున్నాను.

"కంగ్రాచ్యులేషన్స్! ఆయన పోయి పట్టుమని పదిహేను రోజులు కాలేదు, అప్పుడే కుర్చీ లాగేసుకున్నావు. కాళ్ళు అంత నొప్పిగా ఉన్నాయా?"

"ఇక్కడొద్దు పెర్లిటా. పద, కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం."

"నీ కాఫీ నువ్వే తాగు. రుమాలు ఉతికి పంపిస్తాలే."

తల దించుకున్నాడు. ఏ పాపం చేయనివాడు తల ఎందుకు దించుకుంటాడు? పన్నెండేళ్ళ స్నేహం పిన్నీ, మా ఇంట్లో ఎన్నిసార్లు చింతపండు పులుసు తాగి వెళ్ళాడో లెక్కే లేదు.

రాయబారిగారు బతికుంటే వీళ్ళ తాట తీసేవారు. ఆ చివరి రోజుల్లో ఆసుపత్రికి ఎవరైనా వచ్చి వెళ్ళారా? ఈ విషయం ఆయన చెవిన పడిందా? గుర్తుంటే రాయండి. నాకు తెలియాలి.

మీ
పెర్లిటా

*

ఇలోయిలో,
అక్టోబరు 2

పెర్లిటాకి,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. జవాబు రాయకుండా తప్పించుకుందామనే చూశాను. హర్సోనోని తిట్టకు. ఆ అభ్యంతరం రాయించింది మీ రాయబారిగారే. టైపు చేసింది నేను.

ఆ గురువారం మధ్యాహ్నం నువ్వు మందుల కోసం కిందికి వెళ్ళావు. ఆసుపత్రి మంచం మీదికి అన్నం తినే బల్ల లాగించి, దాని మీద టైపు మిషన్ పెట్టించాడు.

"పెర్లిటా కుర్చీ ఎక్కి కూర్చుంటే నా ఉపన్యాసాలు ఎవరు రాస్తారు? వచ్చే ఏడు సభాధ్యక్షుడిగా నిలబడాలి నేను" అన్నాడు.

"ఆ పేరు ఇచ్చింది మీరే కదండీ. పాపం, అది ఎన్నేళ్ళ నుంచో ఎదురుచూస్తోంది."

"ఇవ్వకపోతే బాగుండదని ఇచ్చాను. సలహాలు తర్వాత, ముందు టైపు కొట్టు."

కొట్టాను. రాయడం బాగా వచ్చు గానీ సభ నడిపే సమర్థత లేదని రాయించాడు. ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగింది. "ఊఁ" అన్నాడు. మళ్ళీ కొట్టాను. కవరు అంటించి, నువ్వు పైకి రాగానే నీ చేతికే ఇచ్చాడు. ఐదు కొట్టేలోగా సభ ఆఫీసులో అందాలన్నాడని నువ్వు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగావు. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఒక్క కేక వేస్తే ఆగేదానివి. నేను వేయలేదు. ఆయన బతుకుతాడనే అనుకున్నాను పెర్లిటా. బతికితే మళ్ళీ ఆ మనిషితోనే కాపురం చేయాలి కదా. నలభై మూడేళ్ళుగా నేర్చుకున్నది అదే.

పదిహేనో తేదీన చర్చిలో ఆయన నలభయ్యో రోజు ప్రార్థన. నువ్వు మాట్లాడతావని ఫాదర్‌గారికి ఎప్పుడో చెప్పేశాను. ఇప్పుడు నిన్ను రమ్మనడానికి నాకు మొహం చెల్లడం లేదు. రాకపోతే ఏమీ అనుకోను.

సొలెదాద్

*

బ్యాంకాక్,
అక్టోబరు 9

పిన్నీ,

మీ ఉత్తరం చదివిన రోజు ఆఫీసుకి వెళ్ళలేదు. నా కాళ్ళతో నేనే పరిగెత్తి, నాకు సమర్థత లేదన్న కాగితం అందించి వచ్చాను. వేళకి చేర్చానని సంతోషం కూడా పడ్డాను. మీ మీద కోపం వచ్చింది. ఆయన మీద వచ్చినదాన్ని ఏమనాలో తెలియదు. ఆ నిండు సభలో నేను ఏడ్చిన ఏడుపు తలుచుకుంటే సిగ్గుతో ఒళ్ళు భగ్గుమంటోంది.

నిన్న హర్సోనో దగ్గరికి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను.

"నాకు తెలుసు పెర్లిటా. మా ఎనిమిది మందికీ తెలుసు. ఆ ఉత్తరం మా ముందే చదివారు" అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"చెప్పకూడదు కదా. పైగా నువ్వు అంతలా ఏడుస్తుంటే ఎలా చెప్పను?"

అంటే నేను ఏడుస్తున్నంతసేపూ ఎనిమిది మంది అన్నీ తెలిసి నన్నే చూస్తూ నిలబడ్డారన్నమాట. ఆ మాట మింగుడుపడక ముందే ఆయన ఒక తెల్లకాగితం నా వైపు జరిపాడు.

"సోమవారం కమిటీ మొదలు. ప్రారంభోపన్యాసం నాకు కుదిరి చావడం లేదు. నీకైతే పది నిమిషాల పని. రాసిపెట్టవూ?"

నవ్వాను పిన్నీ. పక్క గదిలో వాళ్ళు తలుపు తీసి చూసేంతగా నవ్వాను. "అధ్యక్షుడివి నువ్వు. నువ్వే రాసుకో" అని చెప్పి లేచి వచ్చేశాను. పదకొండేళ్ళలో రాయనని ఒక మనిషి మొహం మీద చెప్పడం అదే మొదలు.

విమానం టికెట్టు కొన్నాను. పద్నాలుగు సాయంత్రానికి మీ ఇంట్లో ఉంటాను. ఆయన గురించి నేను మాట్లాడనని ఫాదర్‌గారికి చెప్పేయండి. మీ పక్కన కూర్చుంటాను. తెలిసినవాళ్ళంతా నోరు కుట్టేసుకున్నారు, నాకు చెప్పింది మీరొక్కరే. అది కూడా నేను అడిగితే చెప్పారు. ఆ కోపం మీ ఎదుట కూర్చుని తీర్చుకోవాలి.

మిమ్మల్ని క్షమించానని మాత్రం రాయలేను. మనసులో లేని మాటలు ఇన్నేళ్ళూ చాలానే రాశాను. వస్తున్నాను, అంతే.

పెర్లిటా