అన్నం పెట్టడానికి అనుమతి

హనుమకొండ, గురువారం రాత్రి

పరకాల నుంచి రాజమ్మ తన కుక్కను ఆటోలో నా పశువుల క్లినిక్‌కు తీసుకొచ్చింది. దాని పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా ఉన్నాయి. పరీక్షలన్నీ చేశాను. ఏ జబ్బూ లేదు, ఆకలి తప్ప.

"ఏం పెడుతున్నావమ్మా?"

"మీ చిన్న డాక్టర్ సాబ్ ప్యాకెట్ గింజలే పెట్టుమన్నడు సార్. అన్నం పెడితే పాణం మీదికొస్తదన్నడు. గింజలకు ఇది మూతి గూడ పెడ్తలేదు. మేం తినేటప్పుడు మా మొఖాలు జూస్కుంట కూసుంటది. చూడలేక బయట కట్టేసి తలుపేస్తాన."

నా దగ్గర పనిచేసే చిన్న డాక్టరు శ్రీనివాస్‌ను పిలిచి అడిగాను. "ఆ గింజల కంపెనీ వాళ్ల క్లాసుల గట్లనే చెప్పిండ్రు కద సార్" అన్నాడు. అబద్ధం కాదు. వాళ్లే నేర్పారు, భోజనం కూడా వాళ్లే పెట్టారు. కొన్ని జబ్బులకు ఆ ఆహారం నిజంగా అవసరం, నేనూ రాస్తాను. కానీ ఆరోగ్యంగా ఉన్న కుక్కకు అన్నమూ గుడ్డూ విషమని ఏ పరీక్షలో తేలింది? సరుకు అమ్మేవాడు పశువైద్యుడికి గురువయ్యాడు.

మెత్తటి అన్నంలో గుడ్డు కలిపి కొద్దిగానే పెట్టించాను. చిక్కిన ప్రాణానికి ఒక్కసారిగా పెట్టకూడదు. కుక్క పళ్లెం నాకేసింది. బతుకుతుందనే అనుకుంటున్నాను.

రాజమ్మ నన్ను కాదు, శ్రీనివాస్‌ను అడిగింది: "ఇంటికాడ గూడ పెట్టొచ్చా సార్? మళ్ల కోపం చెయ్యవు కద?"

అతను ఖాళీ పళ్లెం తీస్తూ "పెట్టమ్మా" అన్నాడు.

ఆదివారం ఆ క్లాసు మళ్లీ ఉంది. నేను వెళ్లి, లేచి నిలబడి, ఆమె ప్రశ్ననే అడుగుతాను. జవాబు చెబితే సరే. చెప్పకపోతే, వాళ్ల భోజనం ముట్టకుండా వచ్చేస్తాను.