సొరంగం మింగిన ఊట

హెల్లేసెత్ పొలం, వోస్
సెప్టెంబరు 18, 1988

చిరంజీవి సిన్నోవెకు అమ్మమ్మ దీవెనలు.

ఇక్కడ నేను, గొర్రెలు, నా మోకాలు క్షేమం. ఈ మూడింటిలో సణిగేది మోకాలొక్కటే. అక్కడ నువ్వూ, బెర్గెన్ వానలూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. పెళ్ళికి బీరు కొట్లో కొందాం, నువ్వు శ్రమపడకు అని రాశావు. ఇది నా మనవరాలి చేతిరాతేనా అని మళ్ళీ చూసుకున్నాను. ఈ ఇంట్లో ఏ పెళ్ళికీ కొన్న బీరు పొయ్యలేదు. మీ అమ్మ పెళ్ళికి నేను కాచిన బీరు తాగి, పాదిరిగారు మన కంచెను గుర్రమనుకుని ఎక్కి కూర్చున్నారు. నీ పెళ్ళికి వచ్చినవాళ్ళు రేకు డబ్బాలు పట్టుకుని నిలబడాలా?

ఊట పోయింది కదా అని నీ దిగులు. నిజమే, కొండకింద సొరంగానికి మందుగుండు పేల్చాక మన పెరటి ఊట ఎండిపోయింది. పంపునీళ్ళా, ఈతకొలను వాసన. వాటితో కాస్తే పెళ్ళివారు బీరు తాగరు, ఈదుతారు. అందుకని కొత్త ఊట వెతకడానికి కొండెక్కాను. బడిపిల్లలకు రసాయనశాస్త్రం చెప్పి గొంతు అరగదీసుకున్నదాన్ని, నీళ్ళ మంచిచెడ్డలు నాలుకకు వదిలెయ్యను. ఫ్లాస్కునిండా చిక్కటి టీ డికాక్షన్ పట్టుకెళ్ళాను. ఊటనీళ్ళలో కాస్త పోస్తే చాలు, ఇనుమున్న నీళ్ళు సిరాలా నల్లబడతాయి. అలాంటి నీళ్ళలో బీరు వాసనకు వేసే జూనిపర్ చెట్టు కొమ్మలు మరిగిస్తే దిగేది బీరు కాదు, తుప్పు కషాయం.

మొదటి ఆదివారమే సొరంగం మనిషి ఒకడు వచ్చాడు. పొడుగు, ఎర్రగడ్డం, చంకలో మ్యాపుల చుట్ట. “పేలుడుకు లెక్కలు వేసింది నేనేనండీ టీచరుగారూ, మీ ఊట పోతుందనుకోలేదు” అన్నాడు. “అనుకోనివాడివి లెక్కలెందుకోయ్, పాచికలు వేసుకోకపోయావా?” అన్నాను. తల దించుకున్నాడే గాని కదల్లేదు. తిట్టిన మనిషిని ఖాళీ చేతులతో పంపడమెందుకని ఫ్లాస్కు చేతికిచ్చాను. ఇక ప్రతి ఆదివారం నా వెనకాలే కొండెక్కాడు.

రాయి పగిలితే నీళ్ళు చావవు, దారి మార్చుకుంటాయి అని అతని వాదం. మ్యాపు పరిచి, వాగు పక్కన ఒక చోట చూపించాడు. ఊట ఉన్న మాట నిజమే. టీ పోశాను. సిరా! “ఈ నీళ్ళతో నీ రాజీనామా రాసుకో నాయనా” అన్నాను. నవ్వాడు, పాపం.

చివరికి ఊట కనిపెట్టింది నా మోకాలు. దిగి వస్తుంటే పక్కింటి ఆస్లాక్ గొర్రెల బీడులో అది మొరాయించింది, కూలబడ్డాను. స్కర్టు తడిసిపోయింది. ఎన్నడూ చెమ్మ ఎరగని బీడు అది! గడ్డి తప్పించి చూస్తే చేతికి చురుక్కుమనే చలవ. టీ పోస్తే బంగారం రంగు చెడలేదు. అప్పుడు తాగి చూశాను. మన ఊటే సిన్నోవె, ఇల్లు మారిందంతే.

మారి మారి ఆస్లాక్ ఇంటికా! ఆ కరువు వేసవిలో మీ తాతగారు అతని గొర్రెల్ని మన ఊట దగ్గరకు రానివ్వలేదని ఆనాటినుంచీ రెండిళ్ళకూ రాకపోకల్లేవు కదా. కంచె మీద మోచేతులానించి, “ఏం పంతులమ్మా, నీకంటే నీ ఊటకే మర్యాద తెలుసు. పిలవకుండానే మా ఇంటికొచ్చింది” అన్నాడు. పెళ్ళి బీరుకు నీళ్ళు కావాలన్నాను. “బీరు పులియబెట్టే ఈస్టు అడిగితే లేదనకూడదన్నారు పెద్దలు. నీళ్ళ సంగతి చెప్పలేదే!” అన్నాడు. “నిరుడు క్రిస్మస్ ముందు నీ ఈస్టు చచ్చినప్పుడు ఎవరి గడప ఎక్కావు?” అన్నాను. “నేనెక్కలేదు, మా ఆవిణ్ణి పంపాను” అన్నాడు. ఆ ఆవిడ అప్పటికే బకెట్లతో బయటికి వచ్చేసింది.

ఇకమీదట ఆ ఊట ఎటు నడిచినా రెండిళ్ళ గొర్రెలూ తాగాలని మాట అనుకున్నాం. పైనున్న మీ తాతగారు వింటే కోప్పడతారు. కోప్పడనీ.

నిన్న బీరు కాచాం. ఈస్టు వేసేటప్పుడు అరుపు ఎంత గట్టిదైతే బీరు అంత గట్టిదని నీకు తెలుసు, తాతగారు పోయాక ఆ అరుపు నాదేననీ తెలుసు. ఈసారి లేచిన అరుపుకు ఆస్లాక్ కుక్క మంచం కింద దూరి ఇంకా బయటికి రాలేదు. అంచేత డబ్బాలూ గిబ్బాలూ మొయ్యకు. చెప్పులు మాత్రం గట్టివి తెచ్చుకో, ఈ బీరుకు నాట్యం తప్పదు.

ప్రేమతో,
మీ అమ్మమ్మ గుడ్‌లౌగ్

తా.క.: నీకు కాబోయే ఐవిన్ బ్యాంకు గుమస్తా అని రాశావు. నువ్వు పంపిన ఫొటోలోని ఆ ఎర్రగడ్డం గుమస్తా మొదటి ఆదివారమే చంకలో మ్యాపులతో నా గేటు తీశాడు. అతను పేరు చెప్పలేదు, నేను అడగలేదు. ఒకసారి నోరుజారి “అమ్మమ్మా” అన్నాడు. నేను చెవిటిదాన్నైపోయి టీ పోసుకున్నాను. అతను పోగొట్టిన నీళ్ళు నేను వెతకకూడదనే కొట్టు బీరు పాట పాడావని అప్పుడే అర్థమైంది. ఆదివారాలు ఎక్కడ తిరిగాడని అతన్ని సాధించకు. మన ఇంట్లో ఈస్టు మీద అరిచే హక్కు ఇంటివాళ్ళకే. నాకేమో వారంనుంచి దగ్గు, గొంతు పెగలడం లేదు. మరి నిన్న ఆ కుక్కను మంచం కిందికి తరిమిన అరుపు ఎవరిదో ఐవిన్‌నే అడుగు.