మూడో భాగం, చివరి పేజీ

ప్రియమైన అన్నయ్యకి,

నీ చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. మెడ ఒక్కటే ఎడమవైపు తిరగనని మొండికేసింది. రోజంతా బల్ల మీదకి వంగి బొమ్మలు గీస్తే అంతేనట, నెల రోజుల్లో దారికొస్తుందని డాక్టరు చెప్పాడు. అమ్మా నాన్నా, వదినా, నా మేనకోడలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూశాక తెలిసింది. నువ్వు మాత్రం బాగాలేవు. బాగున్న మనిషి పదకొండు పేజీల తిట్లు రాయడు.

ఫోనులో అయితే నేను మధ్యలో అడ్డుపడి వాదిస్తానని ఉత్తరం రాశానన్నావు. మంచి పనే చేశావు. నేను దాన్ని భోజనాల బల్ల దగ్గర ఒకసారి, బస్సులో ఒకసారి చదివాను. బస్సులో పక్కన కూర్చున్నావిడ నా ముఖం చూసి ఇంట్లో అంతా బాగానే ఉన్నారా అని అడిగింది. అంతా బాగున్నారండీ, మా అన్నయ్యకి ఒక యానిమే, అదే టీవీలో వచ్చే బొమ్మల సీరియల్, నచ్చలేదంతే అన్నాను. ఆవిడ కాస్త కిటికీ వైపు జరిగి కూర్చుంది.

సరే, వరసగా చెబుతాను. మన జపాను బొమ్మల కథ ‘లాంతర్ల కొట్టు’ మాంగాని మా స్టూడియో యానిమేగా తీసి నాశనం చేసిందన్నావు. పది ఎపిసోడ్లూ చూసి, పెన్ను పట్టుకుని మరీ తప్పులు రాసుకున్నావు. అందులో సగం నిజమే. రేవు సీనుల్లో జనం నడుముల దాకానే కనిపిస్తారు, వీళ్ళకి కాళ్ళు లేవా అని అడిగావు. లేవు అన్నయ్యా. కాళ్ళు గీస్తే నడక గీయాలి, నడక గీస్తే ఒక్కో మనిషికీ ఒక్కో నడక గీయాలి. మాకు అంత వ్యవధి ఇవ్వలేదు. అందుకని కెమెరాని నడుం దగ్గర ఆపి, జనాన్ని బొమ్మల కొలువులా పక్కకి జరిపాం. ముఖాలన్నీ మైనం పూసినట్టున్నాయన్నావు. అదీ ఒప్పుకుంటున్నాను. ఆ మైనం చూసి మా రంగులు వేసే అమ్మాయే ఏడ్చింది.

లాంతర్ల కొట్టు పాప జుట్టు ఎందుకు విరబోసుకుని తిరుగుతోందని అమ్మ అడగమందిగా. జడ వేస్తే ప్రతి బొమ్మలోనూ ఆ మూడు పాయలూ గీయాలని చెప్పు. అయినా అమ్మ ఒప్పుకోదు, నాకు తెలుసు. నాకు పదో తరగతి దాకా లాగి లాగి జడ వేసిన మనిషి.

రెండో భాగంలో ఆ పాప వాళ్ళమ్మ మాటా పలుకూ లేకుండా లాంతరు గాజు తుడిచే నాలుగు పేజీల గురించి ఒక పేజీ నిండా రాశావు. దాన్ని ఆరు సెకన్లలో తేల్చేసినవాడికి చేతులెలా వచ్చాయన్నావు. వాడు కాదు, అది నేనే. దాని సంగతి కాసేపట్లో చెబుతాను. ముందు సుత్తి తాతయ్య సంగతి తేల్చుకోనీ.

పక్క కొట్టులో సుత్తి పట్టుకుని కూర్చునే ముసలాయన, ఎవరైనా అబద్ధం చెప్పగానే తుమ్ముతాడు కదా, ఆ తుమ్ములన్నీ ఎందుకు కోసేశారు, కథకి అవే ప్రాణం అన్నావు. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని స్టూడియోలోని మూడు భాగాలూ తిరగేశాను. ఒక్క తుమ్ము లేదు. ఆయన సుత్తి పట్టుకుంటాడు, తిడతాడు, పాపకి మేకులిస్తాడు. తుమ్మడు. ఆ తుమ్ములు నీవి అన్నయ్యా. నువ్వు పుస్తకంలో ఇంగ్లీషు మాటల్ని అప్పటికప్పుడు మన మాటల్లోకి మార్చి నాకు చదివేవాడివి కదా, ఎక్కడైనా తెలియని మాట అడ్డొస్తే ఆయన చేత ఒక తుమ్ము తుమ్మించి దాటేసేవాడివి. నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఆ తుమ్ములు పుస్తకంలోవే అనుకుని నేనూ ఇంతకాలం ఉన్నాను. తుమ్ములు వెతకబోయి నవ్వొచ్చి, కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఇక నీ చివరి పేజీ. అక్షరాలు కూడా లావుగా పడ్డాయి. పదో ఎపిసోడ్ చివర వాళ్ళమ్మ ఓడెక్కి వెళ్ళిపోవడం ఏమిటి, పుస్తకంలో ఆవిడ ఓడ దిగి పాప దగ్గరికి తిరిగొస్తుంది, నా కళ్ళతో నేను చూశాను, ఏడిపిస్తే జనం చూస్తారని ఇలా మార్చిన మనిషికి అమ్మ లేదా అన్నావు. పుస్తకాలు మూడూ కట్ట కట్టి అటక మీద పడేశానన్నావు, కూతురిని కూడా చూడొద్దన్నావు. ఆ కథ పేరు ఇక నా దగ్గర ఎత్తకు అని రాశావు. అలాంటి చోట ఎందుకు పని చేస్తున్నావని కూడా అడిగావు.

అన్నయ్యా, నీ తిట్లన్నిటికంటే ఆ ఒక్క వాక్యానికే నాకు భయం వేసింది. ఈ కథ పేరు మన ఇద్దరి మధ్య ఎత్తకపోతే, చిన్నప్పటి సంగతి ఒకటి మొత్తం పోతుంది నాకు. అందుకే ఐదు నెలలుగా చెప్పలేనిది ఇప్పుడు చెబుతున్నాను.

నేను వెనకాల కనిపించే ఇళ్ళూ చెట్లూ గీస్తానని నీతో అన్నాను కదా. అబద్ధం. నేను స్టోరీబోర్డు గీస్తాను. అంటే, సీను ఎలా నడవాలి, ఎవరు ఎటు కదలాలి, ఎన్ని సెకన్లు ఉండాలి అన్నీ గడులు గడులుగా గీసిచ్చే పని. ఆ బొమ్మల్ని పట్టుకునే మిగతా అందరూ పని చేస్తారు. ఈ కథ యానిమేగా వస్తోందని నీకు చెప్పిన రోజున, ఎవరు ముట్టుకున్నా చెడగొడతారు అన్నావు నువ్వు. ముట్టుకున్నది నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. గాజు తుడిచే సీను నాదే. స్టాప్‌వాచ్ పట్టుకుని, ఇక్కడ మాటలు లేవు కాబట్టి ఆరు సెకన్లు చాలు అని రాసింది నేనే. పదో ఎపిసోడ్‌లో ఓడ సీను కూడా నాదే.

కానీ మొదట నేను గీసింది నువ్వు చూసింది కాదు. మొదట గీసింది మన సీను.

మూడో భాగం చివరి పేజీ చూడకుండానే గీశాను. చూడాల్సిన అవసరం ఏముంది, కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. పక్కపక్కనే మూడు నిలువు గడులు, ఒక్క మాటా లేదు. ఎడమ గడిలో రేవు మీద పాప ఒక్కతే లాంతరు పట్టుకుని నిలబడి ఉంటుంది. మధ్య గడిలో ఓడ మెట్ల మీద గౌను అంచూ, చేతిసంచీ. కుడి గడిలో వాళ్ళమ్మ మనవైపు తిరిగి, సంచీతో, నవ్వుతూ. ఇరవై ఏడు బొమ్మలు గీశాను ఆ సీనుకి. ఆవిడ దిగే ప్రతి మెట్టూ గీశాను. కాళ్ళతో సహా.

మీటింగులో తొమ్మిదిమంది ఉన్నారు. మా డైరెక్టరు తక్కువ మాట్లాడే మనిషి. నా కాగితాలు ఒకటికి రెండుసార్లు తిరగేసి, మూడో భాగం తెప్పించి, చివరి పేజీ నా ముందు పెట్టాడు. "దీన్ని ఎటునుంచి చదివావు నువ్వు?" అన్నాడు.

మాంగా కుడి నుంచి ఎడమకి చదవాలి అన్నయ్యా. పుస్తకం వెనకనుంచి తెరవాలని నువ్వు అప్పుడే కనిపెట్టావు, అట్ట చూసి. కానీ పేజీలో గడులు కూడా కుడి నుంచే మొదలవుతాయని మనకి ఎవరు చెప్పారు? మనం చదివే భాషలన్నీ ఎడమ నుంచే కదా. అందుకే ఆ కథలో మనుషులు ముందు జవాబు చెప్పి తర్వాత ప్రశ్న అడిగేవాళ్ళు. ఆ ఊరివాళ్ళ పద్ధతి అది అని నువ్వు నాకు చెప్పేవాడివి, నేను నమ్మేదాన్ని. ఈ పనిలోకి వచ్చాక కొన్ని వందల మాంగాలు కుడి నుంచే చదివాను. ఆ ఒక్క పేజీ మాత్రం మళ్ళీ ఎప్పుడూ చూడలేదు, అది నాకు కంఠతా వచ్చు కదా అని.

డైరెక్టరు వేలు కుడి గడి మీద పెట్టాడు. అక్కడ వాళ్ళమ్మ నవ్వుతూ పాపకి వీడ్కోలు చెబుతోంది. వేలు మధ్య గడి మీదకి జరిగింది. ఆవిడ మెట్లు ఎక్కుతోంది. ఎడమ గడి మీదకి వచ్చేసరికి రేవు ఖాళీ. పాప ఒక్కతే మిగిలింది. ఎవరో నవ్వారు. నేను కాగితాలు తీసుకుని బయటికొచ్చి, చేతులు కడుక్కునే చోట చాలాసేపు నిలబడ్డాను.

తప్పు చేసినందుకు కాదు అన్నయ్యా. ఆ ఆసుపత్రి కారిడార్ గుర్తొచ్చి.

నాకు ఏడేళ్ళు, నీకు పదమూడు. అమ్మకి ఆపరేషన్ అయ్యి ఆసుపత్రిలో ఉన్న నలభై రోజులూ, పిల్లల్ని వార్డులోకి రానివ్వరని బడి నుంచి వచ్చి మనం ఆ బెంచీ మీదే కూర్చునేవాళ్ళం. అక్కడి అరలో ఉన్న చిరుగుల పుస్తకాల్లో ఈ మూడు భాగాలు నీకు దొరికాయి. ఆ తర్వాత అమ్మని ఇంటికి పంపిన రోజున నర్సు వాటిని మనకే ఇచ్చేసింది. కానీ నేను చెప్పేది దానికి పన్నెండు రోజుల ముందు సంగతి. డాక్టరు నాన్నని పక్కకి పిలిచి మాట్లాడిన రోజు. నాన్న వచ్చి మన పక్కన కూర్చుని గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. అమ్మ ఇంటికి వస్తుందా అని నేను నిన్ను అడిగాను. మూడో భాగం తీసి, చివరి పేజీ తెరిచి, ఎడమ నుంచి ఒక్కో గడి మీదా వేలు పెట్టి చూపించావు.

"చూడు, ఆవిడ దిగింది. సంచీ కూడా తెచ్చుకుంది, అంటే ఇక వెళ్ళదు" అన్నావు.

ఆ పన్నెండు రోజులూ నేను దాన్నే పట్టుకుని ఉన్నాను. నాకు దేవుడి మాటకంటే నీ మాట ఎక్కువ. ఇప్పుడు నేను వచ్చి, ఆ పేజీ నువ్వు తప్పు చదివావు అని నీకు ఎలా చెప్పను? రోజూ వచ్చేపోయే జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి పై వరస నుంచి అక్షరాలు చదివించి, కళ్ళద్దాలకి నంబర్లు చెప్పే మనిషివి. నీకే నంబరు చెప్పాలా నేను? అందుకే నోరు మూసుకుని, ఓడ సీను సరిగ్గా, పుస్తకంలో ఉన్నట్టే తిరిగి గీసిచ్చాను. నువ్వు తిట్టిన సీన్లన్నిటిలో పుస్తకానికి సరిగ్గా సరిపోయింది అదొక్కటే.

ఆ తర్వాత నాలుగో భాగం నుంచి చదవడానికి ధైర్యం చాలలేదు. మాకు ఇచ్చిన పని మూడో భాగం దాకానే. అమ్మ లేకుండా ఆ పాప ఎలా బతికిందో నాకు చూడాలనిపించలేదు. నువ్వూ ఎప్పుడూ చదవలేదు, ఆవిడ తిరిగొచ్చాక ఇంకేముంటుంది చదవడానికి అనేవాడివి.

ఇక మంచి కబురు. రెండో సీజన్ ఖాయమైంది. ఈసారి వ్యవధి కూడా ఎక్కువే ఇచ్చారు, జనానికి కాళ్ళు రావచ్చు. పోయిన వారం డైరెక్టరు నన్ను పిలిచి, సొరుగులోంచి ఒక కట్ట తీసి నా చేతిలో పెట్టాడు. నేను మొదట గీసిన ఇరవై ఏడు బొమ్మలు. పారేశాననుకున్నవి.

"వీటిని పదకొండో భాగం కోసం దాచాను. నువ్వింకా చదవలేదా?" అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి, నాలుగు నుంచి పదకొండు దాకా కొనుక్కుని, ఇంట్లో నేల మీద కూర్చుని చదివాను. ఎనిమిది భాగాల పాటు పాప పెరుగుతుంది. కొట్టు నడుపుతుంది. సుత్తి తాతయ్య పోతాడు, అక్కడ చాలా ఏడ్చాను. పదకొండో భాగం చివర మళ్ళీ రేవు వస్తుంది. పక్కపక్కనే మూడు నిలువు గడులు, ఒక్క మాట లేదు. కుడి గడిలో పాప ఒక్కతే, ఇప్పుడు నీ కూతురి కంటే పెద్దది, లాంతరు పట్టుకుని. మధ్య గడిలో మెట్ల మీద గౌను అంచూ, చేతిసంచీ. ఎడమ గడిలో వాళ్ళమ్మ.

నువ్వు చదివింది తప్పు కాదు అన్నయ్యా. ఎనిమిది భాగాలు ముందుగా చదివావు, అంతే.

ఆ సీను నన్నే గీయమంటున్నాడు డైరెక్టరు. గీస్తానని ఇంకా చెప్పలేదు. నా స్టాప్‌వాచ్ మీద నాకు నమ్మకం పోయింది. గాజు తుడిచే నాలుగు పేజీలు నువ్వు చదివేటప్పుడు నోరు తెరిచేవాడివి కాదు. పేజీకోసారి నీ చొక్కా అంచుతో గాజు తుడుస్తున్నట్టు చేసేవాడివి, నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. అది ఆరు సెకన్లు కాదు. ఎంతసేపో నాకు గుర్తులేదు. అలాంటి చోట ఎందుకు పనిచేస్తున్నావని అడిగావు కదా, దాన్ని ఎప్పటికైనా సరిగ్గా తీయాలనే పనిచేస్తున్నాను.

నాలుగు నుంచి పదకొండు దాకా ఈ ఉత్తరంతో పాటు పార్సిల్‌లో పంపుతున్నాను. అటక మీది మూడూ కూడా దించు. నా మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ దానికి చదివి వినిపించు, మన మాటల్లో, తుమ్ములతో సహా. వదినని ఫోనులో రికార్డు చేయమను. మాటలు లేని పేజీల దగ్గర తొందరపడకు, అవే నాకు కావాలి. నువ్వు ఎంతసేపు ఆగితే నా సీను అంతసేపు ఆగుతుంది. తర్వాత ఎవరు తగ్గించమన్నా తగ్గించను, మాట ఇస్తున్నాను.

అమ్మని కూడా కూర్చోమను. పదకొండో భాగం చివరి పేజీ వచ్చినప్పుడు పిల్ల నిన్ను ఏదైనా అడిగితే, ఈసారి కుడివైపు నుంచే వేలు పెట్టి చూపించు అన్నయ్యా. అటునుంచి చదివినా ఆవిడ దిగుతుంది.

ఇట్లు,
నీ మాట మీదే పెరిగిన చెల్లెలు,
కందిరీగ