బాలింత గప్పీ

మంగళవారం, రాత్రి

మోకరించినా ప్రార్థనకు మాట రాలేదు. అందుకే కలం పట్టాను.

కడుపు పోయినప్పటి నుంచి మా సునీత ఎల్బీ నగర్‌లో మా దగ్గరే ఉంటోంది. మాతో మాట్లాడదు, గాజు తొట్టిలోని నిండు కడుపు గప్పీతోనే మాట్లాడుతుంది. పొద్దున ఆ చేప పిల్లల్ని పెట్టింది. సునీత నవ్వింది. చాలా రోజులైంది దాని నవ్వు చూసి.

దిల్‌సుఖ్‌నగర్ దవాఖానకు బయలుదేరుతూ, "అమ్మా, తల్లిని తీసి వేరే డబ్బాల ఎయ్యి, మర్వకు," అంది. ఎందుకని నేను అడగలేదు.

డబ్బా కడిగాను. కానీ పచ్చి బాలింతను పిల్లల నుంచి విడదీయడానికి చేయి రాలేదు. చల్లగాలి తగలకుండా తొట్టికి తువాలు కప్పాను.

"చెవులల్ల దూది గూడ పెట్టరాదే," అని మా ఆయన నవ్వాడు.

సాయంత్రం సునీత వచ్చి తువాలు తీసింది. నాచు వెనక ఒక్క పిల్ల మిగిలింది.

"తల్లే తింటదమ్మా. దానికి తన పిల్లలని తెల్వది," అంది మెల్లగా. అరిచినా బాగుండేది. ఇద్దరికీ ఏడుపు రాలేదు.

ఆ ఒక్కదాన్ని గరిటెతో తీసి డబ్బాలో వేశాను. "దీనికేమన్న పేరు పెడ్దామా బిడ్డా?" అన్నాను.

"ఒద్దమ్మా. రేపటికి ఉంటే సూద్దాం."

అన్నం వడ్డించాను. తిన్నాం.

ప్రభువా, ఈ కాగితాన్ని భద్రంగా ఉంచు. సునీత కంట పడనీయకు. నువ్వొక్కడివి చదివితే చాలు.