కాఫీ షాపులో పరిచిన జంపఖానాలు

ఆపాకు,

అస్సలాము అలైకుమ్. అమ్మీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? దుల్హాభాయ్, పిల్లలు ఎలా ఉన్నారు? నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను. వరంగల్ ఎండ మన కావలి ఎండలా కాదు, చెమట పట్టదు, ఊరికే కాలుతుంది.

నస్రీన్ బట్టల గురించి అడిగావు. ఎవరికైనా ఇచ్చెయ్యి. ఎవరికిచ్చావో నాకు రాయొద్దు.

నీ మరదలు పోయాక ఈ ఊరొచ్చి ఒప్పుకున్న మొదటి పని సుబేదారిలో ఒక కాఫీ షాపు. కుర్రవాళ్ళు మన నేత మీద కూర్చుని కాఫీ తాగాలని ఓనరు రమేశ్ కోరిక. లోపలి డిజైను నాది. జంపఖానాలు కాశిబుగ్గలో సమ్మయ్య, ఆయన కూతురు స్రవంతి నేశారు. ఇది నడిస్తే రమేశ్ ఇంకో షాపుకూ నేయిస్తానన్నాడు. నడవకపోతే మగ్గం విప్పేస్తానని సమ్మయ్య ముందే చెప్పాడు.

నేలంతా తెలుపు, బూడిద రంగు జంపఖానాలు పరిపించాను. గోడల వెంట దిండ్లు, మధ్యలో ఖాళీ. బాగుందనుకున్నాను.

మొదటి సాయంత్రం కాలేజీ పిల్లలొచ్చారు. చెప్పులు బయట విడిచి గోడలకు ఆనుకుని కూర్చున్నారు. గొంతులు వాటంతటవే తగ్గాయి.

"ఏందిరా, పరామర్శకచ్చినట్టున్నది. ఎవల్ పోయిండ్రు?" అన్నాడొకడు.

"నీ అటెండెన్స్ పోయింది, ఏడువు!"

నవ్వుకుంటూ లేచిపోయారు. తర్వాత వచ్చినవాళ్ళూ ఎక్కువసేపు ఉండలేదు.

"ఏమనుకోకుండ్రి సార్, చావింటి లెక్క ఉన్నది," అన్నాడు రమేశ్.

అప్పుడు చూశాను ఆపా. కుర్చీలు, మంచాలు బయట పెట్టి, నేలంతా పరిచి, మీరంతా గోడల వెంట కూర్చున్న మన ముందుగది. నస్రీన్ చనిపోయిన వారం అది. అదే గీశాను. గీస్తున్నప్పుడు తెలియలేదు.

మధ్యలో బల్లలు వేస్తాను, రంగులు మారుస్తాను అన్నాను. రమేశ్ అప్పటికే సోఫాలకు ఆర్డరిచ్చేశాడు.

కాశిబుగ్గ వెళ్ళి, ఇంకో షాపు పని ఇక రాదని చెప్పాను.

"మేం నేసుడైతె మంచిగనే నేసినం గద భాయ్?" అన్నాడు సమ్మయ్య.

"మంచిగా నేశారు. చెడగొట్టింది నేను."

స్రవంతి నీళ్ళిచ్చింది. "ఫికర్ చెయ్యకు అన్నా. హన్మకొండల బట్టల షోరూంల పనికి రమ్మన్నరు. ఏసీ గూడ ఉంటదట," అంది.

నిన్న మగ్గం విప్పారు. నేనూ ఒక చెయ్యి వేశాను. కొయ్యలు బయటికి చేర్చాక గది చాలా పెద్దగా కనిపించింది. ఇప్పుడు అక్కడ ఏం పెట్టుకుంటే బాగుంటుందని స్రవంతి నన్నే అడిగింది.

ఇంటికి వచ్చెయ్యమంటున్నావు. ఇప్పుడే రాలేను. అమ్మీకి, మామూకి నా సలాములు. అమ్మీని నా కోసం దువా చెయ్యమను. ఆ తండ్రీకూతుళ్ళ కోసం కూడా.

నీ తమ్ముడు,
కరీముల్లా