ఇప్పచెట్టు కింద రాలిన పెట్టె

పినపాక

అక్కయ్యకు, నీ తమ్ముడు సత్యం పాదాలకు మొక్కి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం, నా మోకాళ్లు తప్ప. అవి ఎప్పుడు నా మాట విన్నాయి గనుక! నీ దగ్గు తగ్గిందా? బావగారు మందులు వేళకు వేసుకుంటున్నారా?

మధిర వదిలి కూతురి ఇంటికి వచ్చాక తిండికి లోటు లేదు. ఎండలు ముదురుతున్నాయి, అయినా చెట్ల గాలి ఉంది. లోటల్లా నా కబుర్లు వినేవాళ్లకే. మన షాపులో రేడియో బాగయ్యేదాకా మనిషి కదలలేక వినేవాడు. ఇక్కడ అల్లుడు డ్యూటీ ఉందని జారుకుంటాడు.

అసలు సంగతికి వస్తాను. మన వసంత బళ్లో సైన్సు చెబుతుందా, దానికి బెలూన్ల పిచ్చి పట్టింది. థర్మకోల్ పెట్టెలో కెమెరా, సెల్‌ఫోను పెట్టి, గ్యాసు నింపిన పెద్ద బెలూనుకు కట్టి వదులుతుంది. అది విమానాలకంటే పైకి పోయి పగులుతుంది. పెట్టె ఒక గుడ్డగొడుగుకు వేలాడుతూ దిగుతుంది. దిగిన చోటు ఫోను మెసేజి పంపాలి. ఇప్పటికి రెండు పెట్టెల్ని అడవి మింగింది. "ఇదీ పోతే ఇంక ముట్టుకోను నాన్నా" అని ముఖం చిన్నబుచ్చుకుంది.

పోయిన ఆదివారం పొద్దున్నే మూడోది వదిలాం. తాడు పట్టుకునే ఉద్యోగం నాది. ఎండెక్కేసరికి ఒకే ఒక్క మెసేజి వచ్చింది. నేనూ అదీ ఆటో కట్టించుకుని పోయాం. ఒక గూడెం పక్కన, ఇప్పచెట్టు కింద, అద్దంలా ఊడ్చిన నేల మీద కూర్చుని ఉంది మన పెట్టె! ఆనందం పట్టలేక చెప్పులతోనే ఉరికాను.

"ఏ తాతా, ఆగు! పువ్వు రాలే జాగల చెప్పులేంది?" బుట్ట పట్టుకున్న ఒక అవ్వ అరిచింది.

ఈ వైపు ఒక్కో ఇప్పచెట్టు ఒక్కో ఇంటిదట. పూలకాలంలో కింద ఊడ్చి ఉంచుకుంటారు. రాలిందంతా ఆ ఇంటిదే. నాకేం తెలుసు?

"పువ్వు నీదేనమ్మా, ఇది పైనుంచి పడ్డది" అన్నాను.

"పువ్వు ఏడికెల్లి పడ్తది మరి, భూమిల నుంచా?"

ఈ వయసులో నాకే పాఠం చెప్పిందక్కా! వసంత నవ్వాపుకుని, చెప్పులు విడిచి, చేతులు జోడించింది. "అవ్వా, మీ చెట్టు కింద పడ్డది. మాకిస్తరా?"

"అడిగితే ఇయ్యనా బిడ్డా? కానీ ఏమున్నదో మొదలు నేనే సూడాలె."

ముగ్గురం నీడన కూర్చున్నాం. కెమెరా వెనక అగ్గిపెట్టెంత తెర. అందులో ముందు గోదావరి, తర్వాత సన్నని దారంలా గోదావరి, ఆ తర్వాత నల్లటి ఆకాశం, దాని కింద వంకీ తిరిగిన భూమి నీలం అంచు. వసంతకు కళ్లు కారాయి. అవ్వ తెర మీద వేలు పెట్టి వెతికింది.

"మా చెట్టేది?"

"ఇందులోనే ఉంది అవ్వా, కనబడదు."

"గంత పైకి పోయి ఏం లాభం!" అని బోసినోటితో నవ్వింది. మేం ఆటో ఎక్కుతుంటే వెనక నుంచి కేక: "బిడ్డా, మళ్ల వదిలేనాడు ఓ మాట చెప్పు. ఊడ్చి పెడ్త!"

ఆ పూటే వసంత నాలుగో పెట్టెకు థర్మకోల్ కోయడం మొదలుపెట్టింది. అల్లుడు తలపట్టుకున్నాడు.

వచ్చేవాళ్లుంటే కాస్త పండుమిరప పచ్చడి పంపు. బావగారికి నా దండాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన మా ఇంటి మీద ఉండనీ.

నీ తమ్ముడు,
సత్యం