సంచిలో మొరిగే కుక్కపిల్ల

శుక్రవారం రాత్రి

తెల్లవారితే పూణేకు విమానం. మనవరాలి కోసం కొన్న బ్యాటరీ కుక్కపిల్లను గోనెసంచిలో పెట్టి, మిర్చి బస్తా కుట్టినట్టు దబ్బనంతో గట్టిగా కుట్టేశాను. సంచి ఎత్తగానే లోపల భౌ భౌమని మొదలెట్టింది.

ఫోన్‌లో అది విని పూణేలో ఉన్న మా అమ్మాయి అరిచింది. "ఏంది నాన్నా, బ్యాటరీలు తియ్యకుండానే కుట్టావా? అట్టా మొరిగితే విమానంలోకి రానియ్యరు!"

కుట్లు విప్పాను. బ్యాటరీల మూతకు చిన్న స్క్రూ ఉంది. కత్తిమొనతో తిప్పితే దాని గాడి అరిగిపోయింది గానీ స్క్రూ రాలేదు.

"మొరగనీండి, మీ బదులు అదన్నా మాట్లాడుద్ది," అని మా ఆవిడ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఫోన్‌లో నాతో ఎన్నడూ పలకని పిల్ల, కుక్క తెస్తున్నానని విన్నాకే "తాతా" అంది. ఒట్టి చేతులతో వెళితే ఆ పిల్లతో ఏం మాట్లాడాలో నాకు తెలియదు.